కుక్కపిల్లల యుదరరోగములు: గృహిణి యెఱుగవలసిన సంగతులు



శిశుపోషణమును గూర్చియు, వంటయింటి మందులను గూర్చియు మన పత్రికలలో వ్యాసములకు కొదువ లేదు. బిడ్డకు కడుపు కదలినచో నేమి చేయవలెనో ప్రతి తల్లికిని కొంత తెలియును. కాని నేడు అనేక గృహములలో నోరులేని శిశువు మఱియొకటి పెరుగుచున్నది. అదియే కుక్కపిల్ల. పిల్లలు వీధినుండి యెత్తుకొని వచ్చినదైనను, ఇంటి యజమానుడు వెలపెట్టి కొనితెచ్చినదైనను, దాని యాలనపాలనములు తుదకు గృహిణి చేతికే వచ్చును. గిన్నెలో తిండి పెట్టునది మనము. అది నేల పాడుచేసినపుడు కడుగునదియు మనమే. కాబట్టి దాని జబ్బును అందఱికంటె ముందు కనిపెట్టగలవారమును మనమే.

భారతము చదివినవారికి సరమ వృత్తాంతము జ్ఞప్తియందుండును. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా సరమయను దేవశుని కొడుకు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు వానిని నిష్కారణముగా కొట్టిరి. వాడేడ్చుచు పోయి తల్లితో చెప్పుకొనెను. ఆ తల్లి సభకు వచ్చి, తన బిడ్డ హవిస్సును చూడలేదు, నాకలేదు, ఏల కొట్టితిరని రాజును నిలదీసెను. ఎవ్వరును బదులు చెప్పలేకపోయిరి. మన యిండ్లలోని సారమేయములను గూర్చి మాత్రము ఏ తల్లియు అట్లు సాక్ష్యము పలుకజాలదు! అవి నాకనిది లేదు, కొరకనిది లేదు, మ్రింగనిది లేదు. వాని యుదరరోగములలో సగము ఈ చాపల్యమువలననే పుట్టును. తక్కిన సగము మన ప్రేమవలన, అనగా తెలియక పెట్టిన తిండివలనను, పురుగులవలనను, అంటురోగములవలనను కలుగును. వీనిలో నేది స్వల్పమో, యేది ప్రాణాంతకమో గుర్తించుటయే ముఖ్యము.

ఇల్లు మాఱినప్పటి యజీర్ణము

కుక్కపిల్ల పుట్టినపుడు కన్నులు తెఱవదు. 10 మొదలు 14 దినములకు కన్నులు విచ్చును. మూడు నాలుగు వారముల వయస్సున తల్లిపాలతోపాటు మెత్తని యాహారమును నాకనేర్చును. ఇంచుమించు 8 వారములకు తల్లిపాలు మానును. మన యిండ్లకు వచ్చునది తఱచుగా ఈ సమయముననే. తల్లి దూరమైనది, తోబుట్టువులు దూరమైరి, తావు మాఱినది, తిండియు మాఱినది. ఇన్ని మార్పులు ఒక్క దినమున వచ్చిపడగా చిన్నప్రేగులు తాళలేక పలుచని విరేచనములగుట వింత కాదు.

కావున పిల్లను తెచ్చిన చోట దానికేమి పెట్టుచుండిరో, ఎన్ని మాఱులు పెట్టుచుండిరో అడిగి తెలిసికొని, మొదటి కొలది దినములు అదియే పెట్టవలెను. పిమ్మట ఒక వారముపాటు పాత యాహారమును కొంచెము కొంచెము తగ్గించుచు, క్రొత్తదానిని హెచ్చింపవలెను. మూడు నెలలలోపు పిల్లకు దినమునకు నాలుగు మాఱులు, ఆఱు నెలలవఱకు మూడు మాఱులు, తరువాత రెండు మాఱులు పెట్టుట యుచితము. ఒక్కమాఱే గిన్నెనిండ పెట్టి, అది తిన్నది గదా యని సంతోషించుట అజీర్ణమునకు త్రోవ.

పాలు అమృతమే, కాని యెవరికి?

కుక్కపిల్ల యింటికి రాగానే మనము చేయు మొదటి పని గిన్నెలో గేదెపాలు పోయుట. పసిదానికి పాలకంటె నేమి కావలెనని మన తలంపు. కాని తల్లికుక్క పాలు వేఱు, గేదెపాలు వేఱు. తల్లికుక్క పాలలో మాంసకృత్తులును క్రొవ్వును ఆవుపాలకంటె ఇంచుమించు రెట్టింపుండును, పాలచక్కెర తక్కువ. ఆవుపాలలోను గేదెపాలలోను పాలచక్కెర నూటికి 5 పాళ్లవఱకుండును. దానిని జీర్ణము చేయు రసము కుక్కపిల్ల ప్రేగులలో తల్లిపాలు మానినకొలది తగ్గిపోవును. జీర్ణము కాని చక్కెర పెద్దప్రేగునకు చేరి, నీటిని తనవైపు లాగికొని, పులిసి, వాయువును పుట్టించును. అందువలన కడుపుబ్బి గుడగుడలాడి నీళ్లవలె విరేచనములగును.

పాలన్నము మానినంతనే ఒకటి రెండు దినములలో కుదుటబడిన కుక్కపిల్లలెన్నియో కలవు. పెరుగు తోడుకొనునపుడు పాలచక్కెరలో కొంతభాగము తరుగును గనుక కమ్మని పెరుగు స్వల్పముగా పెట్టవచ్చును. కేవలము పెరుగన్నముతో కుక్కపిల్లకు వలయు బలము చాలదు. తల్లిలేని పసికూనయైనచో పశువైద్యుని యడిగి, కుక్కపిల్లల కొఱకు తయారుచేసిన పాలపొడిని వాడవలెను.

నట్టలు

బాగుగా తినుచున్నను ఒడలు పట్టక, పొట్ట మాత్రము కుండవలె నుబ్బి, వెండ్రుకలు నిగనిగ తప్పి, విరేచనములు పలుచనైనచో నట్టలను శంకింపవలెను. ఏలికపాములు కుక్కపిల్లకు పుట్టుకతోనే సంక్రమించును. తల్లి దేహములో నిద్రాణములైయున్న పురుగులు గర్భములోని పిల్లకు చేరును, పాలద్వారమునను చేరును. కాబట్టి ‘మా పిల్ల బయటికి పోలేదు, దానికి పురుగులెట్లు వచ్చును?’ అనుట సరికాదు. కొంకిపురుగులు మఱింత క్రూరములు. అవి ప్రేగుగోడను కఱచి రక్తమును పీల్చును. మలము తారువలె నల్లబడును, చిగుళ్లు పాలిపోవును. మలముపై బియ్యపుగింజలవంటి తునకలు కనబడినచో అవి బద్దెపురుగులు. మేనిమీది ఈగులను కొఱికి మ్రింగుటవలన అవి లోపల చేరును.

నట్టల మందును రెండు వారముల వయస్సునుండియే మొదలిడి, రెండేసి వారములకొకమాఱు ఎనిమిది పండ్రెండు వారములవఱకును, అటుపిమ్మట ఆఱు నెలలు వచ్చువఱకు నెలకొకమాఱును ఇయ్యవలెనని పశువైద్యులు చెప్పుదురు. మోతాదు పిల్ల తూకమునుబట్టి యుండును. కావున ఇంటి త్రాసులో తూచి, ఆ తూకము చెప్పి మందు తెచ్చుకొనవలెను.

మా వారి పాఠశాలలోని పిల్లలు ఒకనాడు కాలువగట్టున దొరికిన చిన్నపిల్లనొకదానిని సంచిలో పెట్టి మా యింటికి తెచ్చిరి. పొట్ట తప్ప దానికేమియు లేదు. మా అత్తగారు చూచి, ‘‘ఇది తిండిపోతు కాదమ్మాయ్, దీని కడుపులో తినేవాళ్లు వేరే ఉన్నారు’’ అనిరి. ఆమె మాట నిజమైనది. పశువైద్యశాలలో మందు వేయించిన మఱునాడు అది విసర్జించిన పురుగులను చూచి పిల్లలు ముక్కుమూసికొని పరుగెత్తిరి. తరువాత రెండు వారములకు మఱల మందు పడగా, దాని పొట్ట తగ్గి వీపు నిండినది.

లంఘనము వీనికి ఔషధము కాదు

లంఘనం పరమౌషధమని మన పెద్దల మాట. పెద్దవారికి అజీర్ణమైనపుడు ఒకపూట పస్తుండుట మేలే. పెద్దకుక్కలకును ఒకపూట తిండి మానిపించుట కద్దు. కాని రెండు మూడు నెలల కుక్కపిల్ల విషయమున ఈ సూత్రమును వర్తింపజేయరాదు. దాని కాలేయములో నిలువయుండు చక్కెర బహు స్వల్పము. పస్తుపెట్టినచో కొలది గంటలలోనే రక్తములోని చక్కెర తగ్గి, పిల్ల వణకును, తూలును, మగతపడును. ఒకప్పుడు మూర్ఛయు వచ్చును. చిన్నజాతి పిల్లలకు ఈ యపాయము మఱింత యధికము. అట్లు వణకు పిల్లకు చిటికెడు తేనెగాని చక్కెరనీరుగాని వ్రేలితో చిగుళ్లకు రాచి, వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను.

వాంతి యైనపుడు కడుపునకు రెండు గంటల విశ్రాంతి నిచ్చి, ఆ పిమ్మట చెంచాడేసి నీరు, అది నిలిచినచో చెంచాడేసి గంజి యిచ్చుటయే తగిన పద్ధతి.

ప్రాణాపాయ చిహ్నములు

విరేచనములచేత చచ్చు కుక్కపిల్లలలో పెక్కు నీరు పోవుటచేతనే చచ్చును. ఒక లెక్క చూడుడు. పిల్ల తూకము 2 కిలోలనుకొందము. దాని యొంటినుండి 200 గ్రాముల నీరు, అనగా ఒక పెద్దగ్లాసెడు నీరు, పోయినచో తూకములో పదవవంతు పోయినట్లు. అది ప్రాణముమీదికి వచ్చు స్థితి. నాలుగు వాంతులు, ఆఱు విరేచనములలో అంతనీరు పోవుట కెంతసేపు పట్టును?

నీరు తగ్గినదో లేదో తెలిసికొనుటకు సులభోపాయములు కలవు. చిగుళ్లను వ్రేలితో తాకిచూడుడు. ఆరోగ్యమున నవి తడిగా గులాబివన్నె గలిగియుండును; నీరు తగ్గినచో వ్రేలికి జిగురుగా నంటును. చిగురును నొక్కి వదలినచో తెల్లబడిన చోట రెండు సెకండ్లలో మఱల రక్తపువన్నె రావలెను. భుజములనడుమ చర్మమును పైకెత్తి వదలినచో వెంటనే యథాస్థానమునకు పోవలెను. మడతగా నిలిచినచో చెడ్డగుర్తు. కుక్కకు సహజమైన యుష్ణము 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు. మనకు జ్వరమనదగిన వేడి దానికి సహజము. 103 దాటినచో జ్వరమనియు, 99కి దిగినచో అంతకన్న ప్రమాదమనియు గ్రహింపవలెను.

ఈ క్రింది చిహ్నములలో ఏ యొక్కటి కనబడినను ఇంటివైద్యము మాని పశువైద్యుని చూడవలెను: మలములో రక్తము, నల్లని మలము, త్రాగిన నీరు సైతము నిలువని వాంతులు, పాలిపోయిన చిగుళ్లు, పిలిచినను లేవలేని నీరసము, ముట్టనీయని కడుపునొప్పి, ఒక దినము దాటియు తగ్గని విరేచనములు. టీకాలు పూర్తికాని పిల్లయైనచో ఒక దినము వఱకును ఆగరాదు.

పార్వో

ఇంత గట్టిగా చెప్పుటకు కారణము పార్వోయను అంటురోగము. ఇది 1978లో బయల్పడి, రెండేండ్లలోపుగానే లోకమంతట వ్యాపించినది. ఆఱు వారములు మొదలు ఆఱు నెలలవఱకు గల పిల్లలను ఇది యెక్కువగా పట్టును. సూక్ష్మజీవి లోపల చేరిన మూడు మొదలు ఏడు దినములకు పిల్ల ముడుచుకొని పండుకొనును, తిండి ముట్టదు, వాంతులగును, పిమ్మట దుర్గంధముతో రక్తవిరేచనములగును. ఈ క్రిమి ప్రేగు లోపొరను ధ్వంసము చేయును. అదే సమయమున రోగముతో పోరాడు తెల్లరక్తకణములను తఱుగజేయును. కావుననే ఆలస్యము నిది సహింపదు.

2023 వేసవిలో మా పొరుగింట రెండున్నర నెలల పిల్లయొకటి యుండెను. మోతి దాని పేరు. ఒకనాటి యుదయమున అది రెండుమాఱులు వాంతిచేసికొన్నది. ఇంటిలో పెద్దలు లంఘనము పెట్టిరి. మఱునాడు నీళ్ల విరేచనములు కాగా మజ్జిగలో మెంతిపొడి కలిపి పోసిరి. మూడవనాడు తెల్లవాఱుజామున ఆ యింటి చిన్నపిల్ల మా తలుపు తట్టి, ‘‘పిన్నిగారూ, మా మోతి లేవడం లేదండీ’’ అన్నది. నేను పోయి చూచితిని. చిగుళ్లు సున్నము కొట్టిన గోడవలె నుండెను. పశువైద్యుడు సెలైను ఎక్కించెను, రాత్రివఱకు పాటుపడెను. అది దక్కలేదు. ‘‘మొన్న ఉదయమే తెచ్చి ఉంటే’’ అని యాతడు వాక్యమును పూర్తిచేయలేదు. ఆ యింటివారి ప్రేమకు లోటు లేదు. లోపించినది తెలిసి చెప్పువారు మాత్రమే. పార్వో సోకిన పిల్లలలో తగిన చికిత్స వెంటనే లభించినవి పెక్కు బ్రదుకును. లభింపనివి పెక్కు చచ్చును. ఈ వ్యాసమునకు ఆ రెండు దినముల యాలస్యమే కారణము.

ఈ రోగమునకు టీకా కలదు. ఆఱు మొదలు ఎనిమిది వారముల వయస్సున మొదటి టీకా వేయించి, రెండు మొదలు నాలుగు వారములకొకమాఱు చొప్పున పదునాఱు వారములు నిండువఱకు వేయించుచు పోవలెను. ఒక్క టీకా చాలదా యని యడుగవచ్చును. తల్లినుండి వచ్చిన రక్షణశక్తి పిల్లలో నున్నంతకాలము టీకాను పనిచేయనీయదు. ఆ శక్తి ఏ వారమున అంతరించునో చెప్పలేము గనుకనే మఱల మఱల వేయుట. అది ముగియువఱకు పిల్లను వీధికుక్కలు తిరుగు చోట్ల దింపరాదు.

రోగము వచ్చిన యింటిలో ఈ క్రిమి నెలలకొలది, నీడగల మట్టిలో ఏడాదికి పైగను బ్రదికియుండును. సబ్బునీటికి లొంగదు. నేలను శుభ్రముగా కడిగి, ఒక పాలు బ్లీచింగు ద్రావకమునకు ముప్పదిపాళ్ల నీరు కలిపి, పది నిమిషములు తడిగా నుంచి కడుగవలెను. టీకాలు కాని మఱియొక పిల్లను ఆ యింటికి తొందరపడి తేరాదు. ఈ పార్వో మనుష్యులకంటదు గనుక పిల్లలనుగూర్చి భయపడనక్కఱలేదు.

స్వల్పరోగమునకు ఇంటి యుపచారము

పిల్ల చుఱుకుగా తిరుగుచు, చిగుళ్లు తడిగా నుండి, విరేచనములు మాత్రమే పలుచనైనచో ఇట్లు చేయవచ్చును.

మొదటిది నీరు. కాచి చల్లార్చిన నీటిని ఎల్లప్పుడు అందుబాటున నుంచవలెను. మన పిల్లలకిచ్చు ఓఆర్‌ఎస్ పొట్లమును దానిమీద వ్రాసిన కొలతప్రకారము నీటిలో కలిపి, పది పదునైదు నిమిషములకు చెంచాడు చొప్పున ఇయ్యవచ్చును. ఉప్పును గ్లూకోజును కలిసినపుడు ప్రేగు నీటిని సులభముగా లోనికి తీసికొనును. ఇదియే దానిలోని కిటుకు. 1971లో బంగ్లాదేశ శరణార్థులలో కలరా ప్రబలినపుడు డాక్టరు దిలీప్ మహలనబీసు బనగాము శిబిరమున ఈ ద్రావణముతోనే అనేకులను బ్రదికించెను. కాని బలవంతముగా నోటిలో పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును.

రెండవది పథ్యము. మెత్తగా గంజివార్పక వండిన యన్నము రెండు మూడు పాళ్లు, తోలు తీసి ఉడికించి పీచులుగా చీల్చిన కోడిమాంసము ఒక పాలు. ఉప్పు, కారము, నూనె, తాలింపు ఏదియు తగులరాదు. మాంసము పొయ్యియెక్కని యిండ్లలో ఉడికించిన గ్రుడ్డు వాడవచ్చును. అదియు కూడని యిండ్లవారు ఇట్టి పథ్యపు టాహారము డబ్బాలలో దొరకునేమో వైద్యుని యడుగవలెను. ఉడికించిన తియ్యగుమ్మడి గుజ్జు ఒక చెంచాడు చేర్చినచో మలము గట్టిపడుటకు తోడ్పడును. ఈ పథ్యమును దినమునకు ఐదాఱు మాఱులు కొద్దికొద్దిగా పెట్టవలెను. మలము గట్టిపడిన పిమ్మట మూడు దినములలో క్రమముగా నిత్యాహారమునకు మఱలింపవలెను.

మూడవది గమనిక. ఎన్నిమాఱులు విరేచనమైనది, రంగేమి, జిగురున్నదా, రక్తమున్నదా, ఎంత త్రాగినది అను సంగతులను ఒక కాగితముమీద గంటలతో వ్రాసియుంచుడు. క్రొత్త మలమును కొంచెము మూతగల డబ్బాలో వైద్యశాలకు కొనిపోయినచో, కంటికి కనబడని పురుగుల గ్రుడ్లను సూక్ష్మదర్శినితో చూచి చెప్పుదురు. వైద్యుడడిగిన ప్రశ్నలకు తడుముకొనక చెప్పగల గృహిణి సగము వైద్యము చేసినట్లే.

ఈయరాని వస్తువులు

మనుష్యులకిచ్చు విరేచనములు కట్టు మాత్రలను, జ్వరమునకు వేయు పారసిటమాలును, నొప్పులకు వాడు ఐబుప్రోఫెనును కుక్కపిల్లకు స్వబుద్ధితో నెన్నడును ఈయరాదు. కొందఱు పురుగులు చచ్చునని వెల్లుల్లి నూఱి మ్రింగింతురు. ఉల్లి, వెల్లుల్లి రెండును కుక్కల ఎఱ్ఱరక్తకణములను చెఱచును. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్షలు మూత్రపిండములను పాడుచేయును. కావున పండుగనాటి పాయసము, లడ్డు వానికి ప్రసాదముగా పెట్టరాదు. చాకొలెట్టు విషము. చక్కెరకు బదులుగా జైలిటాలు వేసిన బిళ్లలు రక్తములోని చక్కెరను ఒక్కసారిగా దింపును. నేతిలో వేగిన పిండివంటలు క్లోమమునకు చేటు.

మన యిండ్లలో వేసవికాలమున ముఖ్యముగా చూడవలసినది మామిడి టెంక. దానిని కొఱికి మ్రింగినచో ప్రేగున అడ్డుపడును. మొక్కజొన్న కంకియు, దారముతోడి సూదియు, ఉడికిన కోడియెముకయు నట్టివే. పిల్ల మాటిమాటికి వాంతిచేసికొనుచు విరేచనము కాకుండినచో ఇట్టిదేదో అడ్డుపడినదని యనుమానింపవలెను. దానికి మందు లేదు, శస్త్రచికిత్సయే శరణ్యము.

ఇంటిల్లిపాదికి

కుక్కపిల్ల మలమును ఏనాటికానాడు ఎత్తిపాఱవేయుట కేవలము శుభ్రతకొఱకే కాదు. ఏలికపాముల గ్రుడ్లు మలముతో వెలువడిన వెంటనే హానిచేయవు. మట్టిలో రెండు మూడు వారములుండి ముదిరిన పిమ్మటనే ఇతరులకు సోకును. దినదినము ఎత్తివేయు ఇంటిలో వానికా యవకాశము లేదు. అట్లు చేయని పెరటిలో ఆడుకొను బిడ్డల చేతులకు ఆ గ్రుడ్లు అంటి కడుపులో చేరి, ఒకప్పుడు కంటిచూపునకు సైతము హాని కలిగించును. పిల్లలు కుక్కపిల్లతో ఆడిన పిమ్మట, అన్నము తినుటకు ముందు, సబ్బుతో చేతులు కడుగుకొనుట నియమముగా నేర్పుడు. కుక్కకు మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క రోగపు టీకాను వేయించుట మఱవవలదు.

దయ యనునది పెట్టుటలో మాత్రమే లేదు. తెలిసి పెట్టుటలో నున్నది. నేడే మీ కుక్కపిల్ల పెదవిని మెల్లగా నెత్తి, ఆరోగ్యముగా నున్నపుడు దాని చిగుళ్లు ఏ వన్నె నుండునో చూచియుంచుకొనుడు. సమీపమున నున్న పశువైద్యశాల యెచ్చట నున్నదో, ఏ వేళల తెఱచియుండునో కనుగొని వంటయింటి గోడమీద వ్రాసిపెట్టుడు. దానికి మన భాష రాదు. అది మూలుగులేని మూగజబ్బుతో మూల నొదిగి పండుకొనును. ఆ మూలవైపు మొదట చూడవలసిన కన్నులు మనవే.